డబ్బు ముట్టింది, హక్కు మారలేదు

విజయవాడ నుంచి ఒక చిన్న ప్రచురణకర్త పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయవద్దన్నారు. తొమ్మిదేళ్లుగా పోటీ పరీక్షల గైడ్లు, బిట్ బ్యాంకులు వేస్తున్నారట. 2019లో ఆర్థిక వ్యవస్థ మీద 640 పేజీల పుస్తకం వేశారు. అందులో సగం, అంటే 320 పేజీలూ, వాటి వెంట 1,800 బిట్లూ (ఆప్షన్లిచ్చే చిన్న ప్రశ్నలు) ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరరు చేత రాయించుకున్నారు. బిట్లతో కలిపి పేజీకి 250 చొప్పున 80,000 రూపాయలు మూడు విడతల్లో ఫోన్‌లోనే పంపారు. కాగితం మీద ఒక్క ముక్కా రాసుకోలేదు. వెల 320 రూపాయలు. మొదట 2,000 కాపీలు వేశారు, 2021లో 1,500, 2023లో మరో 1,500. మూడో ముద్రణలో గణాంకాలు మార్చింది ఇంకొకాయన కావడంతో మాస్టారి పేరు తీసేసి 'సంపాదక మండలి' అని వేశారు. నిరుడు 12,000 బిట్లతో మొబైల్ యాప్ పెట్టారు. ఆ 1,800 బిట్లూ అందులో ఉన్నాయి. యాప్ మీద ఏడాదికి వచ్చింది 6 లక్షలు.

మాస్టారి పాత విద్యార్థి ఎవరో యాప్ చూసి ఆయనకు చెప్పారు. "నా పేరు చెరిపేసి నా రాత అమ్ముకుంటున్నావా బాబూ" అని ఆయన వాట్సాప్‌లో అడిగారు. ప్రచురణకర్త గారూ, మీరు జవాబు ఇవ్వలేదు. పది రోజులకు లాయరు నోటీసు వచ్చింది: బిట్లు తీసేయాలి, 3 లక్షలు ఇవ్వాలి. మీ ఇంట్లో వాళ్లేమో "రాసినదానికి డబ్బు ఇచ్చేశాం, ఇంకా ఏమిటట" అంటున్నారు. మిత్రుడొకరు మాస్టారిని బతిమాలుకుని 2019 తేదీతో స్టాంపు కాగితం మీద 'సర్వహక్కులూ ఇచ్చివేసితిని' అని రాయించుకోమన్నారు. ఈలోగా గ్రూప్-2 పుస్తకాలకు ఆరుగురు కొత్త రచయితలు సిద్ధంగా ఉన్నారు. వారిలో ఒకరు పంపిన భూగోళం అధ్యాయంలో తెలుగు అకాడమీ పుస్తకంలోని పేరాలు యథాతథంగా కనిపించాయి. హక్కు ఎవరిది, మాస్టారికి ఎంత ఇవ్వాలి, కొత్తవాళ్లతో ఏం రాసుకోవాలి అని మీ ప్రశ్నలు.

మీకు రుచించని మాటే ముందు చెబుతాను. ఆ పేజీల మీదా బిట్ల మీదా కాపీరైట్ ఇవాళ్టికీ మాస్టారిదే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాసినవారే మొదటి హక్కుదారు. మీ ఆఫీసులో నెల జీతం మీద పనిచేసే సబ్జెక్ట్ ఎడిటరు తన ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు మీకు వస్తుంది. ఇంటి దగ్గర తన వేళల్లో రాసి ఇచ్చే లెక్చరరు మీ ఉద్యోగి కారు. ఎంత డబ్బిచ్చారు, ఎన్ని విడతల్లో ఇచ్చారు అన్నదానితో ఇది మారదు. 1916లో లండన్‌లో సరిగ్గా ఇలాంటి వివాదమే కోర్టుకెక్కింది. లండన్ యూనివర్సిటీ పరీక్షకు గణితం ప్రశ్నపత్రాలు తయారుచేసిన ఎగ్జామినర్లు యూనివర్సిటీ ఉద్యోగులు కారనీ, కాబట్టి ఆ పేపర్ల కాపీరైట్ మొదట పుట్టింది వాళ్లకేననీ కోర్టు చెప్పింది. మన కోర్టులు కూడా ఆ తీర్పును ఉదహరిస్తూనే ఉన్నాయి. బిట్లు రాయించుకునే ప్రతి ప్రచురణకర్తకూ అది తెలిసి ఉండాల్సిన కేసు.

అలాగని మీ చేతిలో ఏమీ లేదనీ కాదు. 2019లో మీ ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒక పుస్తకం. అది వేసి అమ్ముకోవడానికి ఆయన అనుమతి ఉన్నట్టే లెక్క అని మీ లాయరు గట్టిగా వాదించగలరు. రెండో ముద్రణ, మూడో ముద్రణ దగ్గరికి వచ్చేసరికి ఆ వాదన పలచబడుతుంది. యాప్ దగ్గర దాదాపు నిలవదు. అప్పట్లో యాప్ మాటే మీ ఇద్దరి మధ్య రాలేదు కదా.

మీ మిత్రుడి సలహా సంగతి. పాత తేదీ వేయడం దొంగ పత్రం పుట్టించడమే. స్టాంపు ఎప్పుడు కొన్నారో రికార్డులో ఉంటుంది, దొరకడానికి ఎంతోసేపు పట్టదు. దాంట్లోకి మాస్టారిని కూడా లాగుతారు. పైగా అది మీకు పనికి కూడా రాదు. కాపీరైట్ బదలాయింపు పత్రంలో ఏ రచన, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. కాలం రాయకపోతే అయిదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంటే ఆ ఒక్క వాక్యం కాగితం 2019లో నిజంగానే రాయించుకుని ఉన్నా, 2024లో గడువు తీరిపోయేది. 'సర్వహక్కులు' అన్న మాటకు మన ప్రచురణ రంగంలో ఉన్న గౌరవం చట్టంలో లేదు.

ఇక పేరు. ఇది హక్కుల కొనుగోలుతో సంబంధం లేని విషయం. 57వ సెక్షన్ ప్రకారం రచన తనదని చెప్పుకునే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు, కాపీరైట్ పూర్తిగా అమ్మేసిన తర్వాత కూడా రచయిత దగ్గరే ఉంటాయి. గణాంకాలు మార్చిన ఆయన పేరు చేర్చడం సబబే. దానికోసం మొదట రాసినవారి పేరు తీయనవసరం లేదు. 'రచన: ఫలానా; సవరణ: ఫలానా' అని రెండు పంక్తులు వేస్తే సరిపోయేది. మాస్టారి మొదటి మెసేజ్ మళ్లీ చదవండి. అందులో డబ్బు ప్రస్తావన లేదు, పేరు గురించే ఉంది. మీరు మౌనంగా ఉండటం వల్ల అది 3 లక్షల నోటీసయింది. ఇంకో మాట: సవరణలు చేసినాయనతోనూ మీకు కాగితం లేదు. ఆయన కొత్తగా రాసిన భాగాల హక్కు ఆయనది. ఆ సంగతి కూడా ఇప్పుడే చక్కబెట్టుకోండి.

మాస్టారితో మీకున్న దారులు నాలుగు. వాటిలో కొట్లాడటం అన్నదాన్ని త్వరగా ముగిస్తాను. నోటీసు అందాక 'తెలియక చేశాను' అనే మాట చెల్లదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా అని 63వ సెక్షన్‌లో ఉంది. అంతదాకా రాకపోయినా, ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డాక అమ్మకాలు ఊపందుకునే వారాల్లో కోర్టు స్టే ఇస్తే మీ ఏడాది రాబడి పోతుంది.

బిట్లు తీసేసి కొత్తవి రాయించుకోవడం రెండో దారి. ఆప్షన్ల వరుస మార్చి, 'కింది వాటిలో సరైనది' అన్నచోట 'సరికానిది' అని దిద్ది కొత్త బిట్లు అనుకునే అలవాటు చాలామందికి ఉంది. అవి కొత్తవి కావు. సిలబస్ మాత్రమే చూసి, మాస్టారి బిట్లు చూడని మనిషి చేత మొదటి నుంచి రాయించాలి. అయినా జరిగిన ఏడాది వాడకానికి జవాబు చెప్పక తప్పదు, పుస్తకం నాలుగో ముద్రణ కూడా ఆగిపోతుంది.

మూడోది, హక్కు ఆయన దగ్గరే ఉంచి మీరు అనుమతి మాత్రం తీసుకుని రాయల్టీ ఇవ్వడం. లెక్క వేసి చూద్దాం. పుస్తకానికి ముఖవెల మీద 10 శాతం రాయల్టీ అనుకుంటే, సగం పుస్తకం ఆయనది కాబట్టి 5 శాతం, కాపీకి 16 రూపాయలు. ఇక్కడ జాగ్రత్త: ముఖవెల మీదా, మీ చేతికి వచ్చేదాని మీదా అన్నది కాగితంలో ఉండాలి. డిస్ట్రిబ్యూటరుకు 45 శాతం పోతుందని మీరే రాశారు. అప్పుడు మీకు వచ్చేది 176, అందులో 5 శాతం 8 రూపాయల 80 పైసలు. రాయల్టీ తగాదాల్లో చాలా మటుకు పుట్టేది ఈ ఒక్క మాట రాసుకోకపోవడం వల్లే. యాప్‌కు: రాబడిలో 10 శాతం రచయితలందరికీ కలిపి పక్కన పెడితే 60,000. మొత్తం బిట్లలో ఆయనవి 15 శాతం కాబట్టి ఏడాదికి 9,000.

ఇక్కడ ఒక విషయం చూడండి. మూడు ముద్రణలూ కలిపి 5,000 కాపీలు. కాపీకి 16 చొప్పున అక్షరాలా 80,000. అంటే పుస్తకం వరకు మీరు ఆయనకు తక్కువ ఇవ్వలేదు. అదే 80,000ను 2019లో 'రాయల్టీకి అడ్వాన్సు' అని ఒక్క మాట రాసుకుని ఇచ్చి ఉంటే, పుస్తకం గురించి ఇవాళ పేచీ ఉండేది కాదు. ఇప్పుడు మీ అంతట మీరు అది అడ్వాన్సేనని ప్రకటించలేరు. కానీ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఈ లెక్క ఆయన ముందు పెట్టడం న్యాయమే. ఆయన "అది మొదటి ముద్రణకే" అంటే, తర్వాతి 3,000 కాపీలకు 48,000 అడగవచ్చు. అదీ న్యాయమైన వాదనే.

నాలుగోది, ఒక్కసారి సొమ్ము ఇచ్చి హక్కు కొనేయడం. పాత బాకీ, యాప్‌కు 9,000 మాత్రమే అయితే అంత, దానికి ఆ 48,000 కూడా కలిపితే 57,000; ఈ రెంటి మధ్య ఎక్కడో తేలుతుంది. ముందుకు చూస్తే, రెండేళ్లకు 1,500 కాపీల లెక్కన పుస్తకం మీద ఏడాదికి 12,000, యాప్ మీద 9,000. అయిదేళ్లకు 1,05,000. కలిపితే లక్షా 14 వేల నుంచి లక్షా 62 వేలు. ఆయన అడిగిన 3 లక్షలు ఎక్కువే, అయినా శాశ్వతంగా ఇచ్చేయమని మీరడిగితే మరీ అన్యాయమైన కోరిక కాదు. అయిదేళ్లకు అడగండి, ఆ పరిధిలో కుదురుతుంది. శాశ్వత హక్కుకు ఎక్కువ పెట్టడం మీకే దండగ. ఎకనామిక్స్ బిట్లు బడ్జెట్ మారితే పాతబడతాయి, 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు జిల్లాల మీద ఉన్న బిట్లన్నీ ఒక్కరోజులో తప్పులైపోయాయి కదా.

రాయల్టీనా, ఒక్కసారి సొమ్మా అన్నది మాస్టారినే అడగండి. ఈ వయసులో ఏటా లెక్కలు చూసుకునే ఓపిక ఉందో లేదో ఆయనకే తెలుసు. ఏదైనా సరే, ఆయన చేతి సంతకంతోనే ఇప్పుడే ముగించుకోవడం మంచిది. కాపీరైట్ రచయిత తర్వాత 60 ఏళ్లు వారసులకు చెందుతుంది. రేపు నలుగురు వారసుల్లో ముగ్గురు సంతకం చేసి ఒకరు విదేశంలో ఉంటే మీ నాలుగో ముద్రణ అక్కడే ఆగుతుంది. పత్రంలో ఇప్పటిదాకా జరిగిన వాడకం మీద ఇక దావా లేదన్న మాట ఒకటి, ఇకపై ఇచ్చే హక్కుల వివరం ఒకటి, విడివిడిగా రాయించండి. ఇవాళ్టి తేదీ వేయండి. నోటీసు లాయరు ద్వారా వచ్చింది కాబట్టి పత్రం కూడా ఇద్దరి లాయర్లూ చూశాకే సంతకాలు పెట్టండి.

పన్నుల దగ్గర చిన్న ప్రచురణకర్తలు ఒకచోట తప్పకుండా దెబ్బతింటారు. రచయిత తన సాహిత్య రచన కాపీరైట్‌ను ప్రచురణకర్తకు బదలాయించినా, వాడుకోనిచ్చినా, ఆ జీఎస్టీ కట్టాల్సింది సాధారణంగా ప్రచురణకర్తే. రివర్స్ చార్జ్ అంటారు. రేటు 18 శాతం. లక్షన్నర ఇస్తే 27,000 మీ జేబులోంచి. ముద్రిత పుస్తకాలకు జీఎస్టీ లేదు కాబట్టి పుస్తకం వాటాకు ఆ 27,000లో తిరిగి వచ్చేది ఉండదు. యాప్ చందాల మీద మీరు పన్ను కడుతున్నారు కాబట్టి ఆ వాటా వరకు క్రెడిట్ దొరుకుతుంది, అంటే కట్టిన పన్నును అందులో తగ్గించుకోవచ్చు. అందుకని ఒప్పందంలో పుస్తకానికి ఎంత, యాప్‌కు ఎంత అని విడగొట్టి చూపించండి. టీడీఎస్ (ఇచ్చే సొమ్ములోంచి ముందే పట్టి కట్టే ఆదాయపు పన్ను) సంగతి: మీది సొంత సంస్థ, కిందటి ఏడాది టర్నోవరు కోటి దాటితేనే మీరు పట్టాలి. అలా అయితే ఏడాదిలో ఒకరికి 50,000 మించినప్పుడు 10 శాతం, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. పట్టింది సాధారణంగా తర్వాతి నెల 7లోగా కట్టేయాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, చలానా మీ ఆడిటరు చేతే వేయించండి. టీడీఎస్ పోను చేతికి ఎంత వస్తుందో మాస్టారికి ముందే చెప్పండి. లక్షన్నర అని ఒప్పుకుని లక్షా 35 వేలు పంపితే మళ్లీ మోసం చేశారనుకుంటారు.

కొత్త ఆరుగురి దగ్గరికి వద్దాం. పేజీకి ఇంత అన్న పద్ధతి మానేయమని నా గట్టి సలహా. పేజీ లెక్క సాగదీతకు డబ్బిస్తుంది: మూడు వాక్యాల సంగతి పేరా అవుతుంది, పట్టికలు రెండుసార్లు వస్తాయి. పైగా ఏ పేజీ? చేత్తో రాసిన పేజీనా, టైపు చేసిన ఏ4 పేజీనా, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కూర్పు) అయ్యాక వచ్చే డెమ్మీ సైజు పుస్తకం పేజీనా? మూడింటికీ లెక్క తేడా వస్తుంది. సిలబస్ అంశాలను యూనిట్లుగా విడగొట్టి యూనిట్‌కు ఇంత అని ఇవ్వండి. బిట్లకు విడిగా ఇవ్వాలి, కానీ అన్నిటికీ ఒకే రేటు పెడితే 'ఫలానా ప్రాజెక్టు ఏ నది మీద ఉంది' అనే రకమే కుప్పతెప్పలుగా వస్తాయి. సూటి ప్రశ్నకు ఒక రేటు, జతపరచడం, ప్రకటన-కారణం రకానికి దాదాపు రెట్టింపు పెట్టండి. జవాబుకు రెండు వాక్యాల వివరణా, ఆధారం ఏ పుస్తకంలో ఏ పేజీ అన్నదీ లేకుండా బిట్టును లెక్కలోకి తీసుకోవద్దు. జవాబుల కీలోని తప్పులు సగం అక్కడే దొరికిపోతాయి.

ముందుగా ఒక యూనిట్, 50 బిట్లు నమూనాగా రాయించుకోండి. పనికిరాకపోయినా దానికి డబ్బు ఇవ్వండి. ఉచితంగా నమూనాలు రాయించుకునే సంస్థలకు మంచి లెక్చరర్లు రెండోసారి ఫోన్ ఎత్తరు. తర్వాత విడతలు: ప్రణాళిక ఒప్పుకున్నాక 25 శాతం, రాతప్రతి అందిన 15 రోజుల్లో 40, ప్రూఫులు దిద్ది ఇచ్చాక 35. 'పుస్తకం బయటికి వచ్చాక' అని ఎన్నడూ రాయకండి. నోటిఫికేషన్ వాయిదా పడి మీరు పుస్తకం ఆపేస్తే, అందులో ఆయన తప్పేముంది? మధ్యలో మీరే ఆపేస్తే అందిన పనికి పూర్తి డబ్బు, మిగిలినదానికి మూడో వంతు అని రాసుకోవడం మర్యాద. ఎన్ని విడతల దిద్దుబాట్లు ఫీజులో భాగమో కూడా రాయండి. రెండు చాలు. ఆ పైన సిలబస్ మారినా, గణాంకాలు మార్చాల్సి వచ్చినా సవరణ రుసుము వేరే. మొదటి అవకాశం పాత రచయితకే ఇచ్చి, ఆయన 30 రోజుల్లో కాదంటేనే వేరొకరికి అని రాస్తే మీకు మాస్టారితో వచ్చిన చిక్కు మళ్లీ రాదు.

హక్కుల పేరాలో అచ్చు పుస్తకం, ఈ-బుక్, యాప్ బిట్లు, టెస్ట్ సిరీస్, వీడియో పాఠం, ఇంగ్లిష్ అనువాదం అని విడివిడిగా పేర్లు పెట్టి రాయండి. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం పేరు ప్రత్యేకంగా చెప్పకపోతే బదలాయింపు దానికి వర్తించదు. అవసరం లేని హక్కులు కొనకండి. ఎందుకంటే తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరే గడువు రాసుకోనంతవరకు అది రద్దయినట్టే చట్టం చూస్తుంది. రాసి ఇచ్చింది ఆడియో పాఠంగా అమ్మాలనుకుంటే మాత్రం విడిగా లాయరును అడగండి. ధ్వని ముద్రణలోకి వెళ్లిన రచనకు రాయల్టీ హక్కును రచయిత వదులుకోలేరని 2012 సవరణలో ఉంది, 'అన్నీ కలిపి ఇంత' అని ముగించడం కుదరదు. ప్రభుత్వ కాలేజీలో ఉన్నవారైతే శాఖ అనుమతి గురించి తాము చూసుకున్నామని ఒక వాక్యం రాయించండి.

భూగోళం రచయిత సంగతి. నదుల పొడవులు, వర్షపాతం లెక్కలు ఎవరి సొత్తూ కాదు. వాటిని చెప్పిన వాక్యాలు, వరుస, ఉదాహరణలు తెలుగు అకాడమీవి. పట్టుకోవడానికి సాఫ్ట్‌వేరును నమ్ముకోకండి. అచ్చు పనికి వాడే పాతరకం అను ఫాంట్లలో ఉన్న పాఠం యూనికోడ్‌లోకి మార్చనిదే వెతకడానికి దొరకదు. అదే అధ్యాయం పక్కన తెరిచి ఉపశీర్షికల వరుస, ఉదాహరణలు, అచ్చుతప్పులు పోల్చి చూడండి. తప్పు కూడా తప్పుగానే దిగి ఉంటే ఇక అనుమానం లేదు. ఆయన్ను వెంటనే తీసేయడం ఒక దారి. కానీ చాలామంది లెక్చరర్లు క్లాసు నోట్సు నుంచి రాస్తారు, ఆ నోట్సు ఇరవయ్యేళ్ల కిందట అకాడమీ పుస్తకం నుంచే పుట్టి ఉంటుంది. కాపీ కొట్టానన్న ఎరుక కూడా వాళ్లకు ఉండదు. దొరికిన పేరాలు గుర్తుపెట్టి పంపి, రెండు వారాల్లో తిరగరాయమని, అప్పటిదాకా రెండో విడత ఆపుతున్నామని రాతపూర్వకంగా చెప్పండి. రెండో ప్రతిలోనూ అదే కనిపిస్తే మొదటి విడతతో సరిపెట్టుకుని విడిపోండి. ఒప్పందంలో ఇది సొంత రచన అని, ఎవరైనా దావా వేస్తే తాను తీసుకున్న ఫీజు మేరకు బాధ్యత వహిస్తానని రాయించుకోండి. లక్షల నష్టపరిహారం భరిస్తానని రాయించుకుంటే నిజాయితీపరులు భయపడి పోతారు. ఏఐ వాడితే ఎక్కడ వాడారో చెప్పాలన్న మాటా చేర్చండి. అది ఇచ్చే తెలుగు జవాబుల్లో తేదీలు, సెక్షన్లు గట్టిగా సరిచూడాల్సి ఉంటుంది.

ఇవన్నీ ఈ నెలలో చేయవచ్చు. ఈ వారం చేయాల్సింది వేరు. నోటీసుకు గడువులోగా లాయరు చేత చిన్న జవాబు ఇప్పించండి, మాట్లాడుకునేదాకా ఆ 1,800 బిట్లు యాప్‌లో కనపడకుండా ఆపండి. గోడౌన్‌లో మిగిలిన మూడో ముద్రణ కాపీలకు మాస్టారి పేరుతో స్లిప్ అచ్చు వేయించి లోపలి పేజీలో అతికించండి. ఆ తర్వాత లాయరుకు చెప్పి మాస్టారి ఇంటికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మూడు ముద్రణల కాపీలు, అమ్మకాల లెక్క, యాప్ రాబడి లెక్క, స్లిప్ అతికించిన కాపీ ఒకటి తీసుకెళ్లండి. ఆ కాపీ ముందు ఆయన చేతికివ్వండి. లెక్కల కాగితాలు తర్వాత తీయవచ్చు.